పాసుపోర్టు మొక్కు

మొన్న పెన్షను కాయితాలకి ఫోటో కావాలంటే బెజవాడలో ఒక స్టూడియోకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి, "సార్, మీరు మీసం ఉంచుతారా, తీసేస్తారా? ఇప్పుడే తేల్చుకోండి. ఫోటోలో ఎట్లా ఉంటే మనిషి అట్లానే ఉండాలి. తరవాత మారిస్తే ఆఫీసులో మీరు మీరు కాదంటారు" అన్నాడు. నాకు నవ్వాగలేదు. "నవ్వకండి సార్, నవ్వు కూడా ఒప్పుకోరు" అన్నాడు వాడు, కాస్త కోపంగానే. ఈ ముక్క ముందే వినాల్సిన మనిషి ఒకావిడ ఉండేది. సమయానికి చెప్పేవాళ్ళు లేక ఎంత పనైందో వాడికేం తెలుసు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. పేరు రాయను. రాస్తే ఊరుకునే మనిషి కాదు. "నా పేరుతో మీకేం పని మాస్టారూ, నాతో పనుంటే చెప్పండి" అనేది.

యాభైల చివర్లో నాకు నందిగామ హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారి ఉద్యోగం వచ్చింది. పెళ్ళై అప్పటికి ఏడాది కాలేదు. ఇల్లు దొరకలేదు. ఇళ్ళు లేక కాదు, ఉన్నాయి, మాకివ్వరు. పేరడుగుతారు, చెప్తాను. మేం చర్చికి వెళ్ళేవాళ్ళమని తెలియగానే "అయ్యో, మా అల్లుడు వస్తున్నాడండీ, ఆ గది కావాలి" అంటారు. ఆ నెలలో అంతమంది అల్లుళ్ళూ నిజంగా వచ్చి ఉంటే నందిగామలో ఒక్క కోడిపుంజు మిగిలేది కాదు.

ఆవిడ ఇంటికి వెళ్ళేసరికి అరుగు మీద మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. గుమ్మంలోనే తుమ్మాను. పని మీద వచ్చినవాడు గుమ్మంలో తుమ్మితే ఇంకేముంది, వెనక్కి తిరగబోయాను. మళ్ళీ తుమ్మొచ్చింది.

"రండి, రండి. మిరపకాయలింట్లో తుమ్ముకి శకునం లేదు" అంది.

పేరూ, చర్చీ సంగతీ నేనే ముందుగా చెప్పేశాను, తరవాత గొడవెందుకని. ఆవిడ తెల్లబారిన తాలుకాయ ఒకటి ఏరి పక్కన పారేసి, "గది నచ్చిందా? అయితే ఇస్తా" అంది.

ఆ సాయంత్రమే వీధిలో పెద్దలు ఇద్దరు ముగ్గురు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నేను సామాను రిక్షాలోంచి దించాలో వద్దో తెలియక నిలబడి ఉన్నాను.

"ఇస్తానన్నానండి" అంది ఆవిడ.

"అన్నావులేమ్మా, కుదరటం లేదని చెప్పు."

"అన్నాక కుదరకపోవటం ఏంటండి?" అని అడిగింది. ఎదురు తిరిగినట్టు కాదు. నిజంగానే అర్థం కానట్టు అడిగింది. వాళ్ళు వెళ్ళేసరికి మా ట్రంకు పెట్టె ఆవిడే ఓ పక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

ఆవిడ పద్ధతంతా అదే. గాజులమ్మని "సోమారం రా" అని చెప్పి, ఆ సోమవారం మైలవరంలో దగ్గరి చుట్టాల పెళ్ళి పడితే పెళ్ళి మానేసి ఇంట్లో కూర్చుంది. గాజులమ్మ ఆ రోజు రానే లేదు. "ఆవిడ రాకపోతే ఆవిడది తప్పు, నేను లేకపోతే నాది" అంది. మా ఆవిడ పగలబడి నవ్వి, ఆ తరవాత నాతో ఏ మాట అనాలన్నా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవటం మొదలుపెట్టింది.

మనిషి పొడగరి, నలుపు, చుబుకం మీద కందిగింజంత పుట్టుమచ్చ. జుట్టు మాత్రం చూడాలి. విప్పి ఆరబెట్టుకుంటే అరుగు సగం కనపడేది కాదు. ఎప్పుడూ మిరపకాయల్లో చేతులు పెట్టి ఉంటుంది గనక ముఖం మీద పడే వెంట్రుకల్ని వేళ్ళతో తీసుకునేది కాదు, మోచెయ్యి ఎత్తి ముంజేత్తో వెనక్కి నెట్టుకునేది. మాట్లాడుతున్నా, ఆలోచిస్తున్నా ఆ ముంజెయ్యి అట్లా లేస్తూనే ఉండేది. మా ఆవిడకీ కొన్నాళ్ళకి అదే అలవాటైంది, మిరపకాయలు ముట్టుకోకపోయినా.

పిల్లల్లేరు. భర్త సిలోన్‌లో ఉండేవాడు. జగ్గయ్యపేట సావుకారొకాయనకి కొలంబోలో మిరపకాయల దుకాణం ఉండేది. మన వైపు కాయలు ఓడలకెక్కి అక్కడికి పోయేవి. ఆ దుకాణంలో గుమాస్తాగా ఆయన ఎప్పుడో స్వరాజ్యం రాకముందు వెళ్ళాడు. అప్పట్లో పాసుపోర్టూ గీసుపోర్టూ ఏమీ లేవు, టిక్కెట్టు కొనుక్కుని స్టీమరెక్కటమే. తరవాత అదొక దేశం, ఇదొక దేశం అయ్యాయి. మధ్యలో కాయితాలు వచ్చాయి. ఇవాళా రేపూ అంటూ ఈయన ఏ కాయితమూ చేయించుకోలేదు. ఒకసారి ఇంటికొస్తే మళ్ళీ పోనివ్వరని భయపడి, ఇటు రావటమూ మానేశాడు. మనియార్డరు మాత్రం వచ్చేది.

వీధిలో ఎవరైనా "పాపం, మొగుడు సముద్రం అవతల చిక్కుకుపోయాడు" అంటే ఆవిడకి మహా కోపం. "పాపం ఏంటి? ఉద్యోగంలో ఉన్నాడు" అనేది.

ఒక చలికాలం ఆ మాట అనటానికి కూడా లేకుండా పోయింది. సావుకారు రమ్మన్నాడని కబురొస్తే, ఇంగ్లీషు ముక్కలేవైనా ఉంటాయేమోనని నన్ను తోడు తీసుకుని జగ్గయ్యపేట వెళ్ళింది. కొట్టు నిండా బస్తాలు. నేను తుమ్ముతూనే ఉన్నాను. సావుకారు మంచివాడే, నసుగుతూ చెప్పాడు. కొలంబో దుకాణం ఎత్తేస్తున్నారు. ఆవిడ భర్త కాళ్ళకి నీరుపట్టి ఆస్పత్రిలో పడ్డాడు. కాయితాలు లేని మనిషని అక్కడి పోలీసులకి తెలిసిపోయింది. ఎండాకాలం దాటేలోపు దేశం విడిచి పోకపోతే పట్టుకుపోయి నిర్బంధంలో పెడతామన్నారు. పోదామంటే మన దేశం వాళ్ళ ఆఫీసులో, "నువ్వు ఇండియావాడివని మాకేంటి రుజువు" అంటున్నారు.

"వాళ్ళేమో మావాడు కాదంటారు, మనవాళ్ళేమో మావాడేనా అంటారు. మధ్యలో ఆ మనిషి మంచం మీద ఉన్నాడమ్మా. ఒంటరిగా ప్రయాణం చేసే స్థితి కూడా కాదట. కాయితం ఒక్కటి లేక ఇంత వచ్చింది" అన్నాడు సావుకారు.

ఆవిడ ముంజేత్తో జుట్టు వెనక్కి నెట్టుకుంది.

"ఆయనకి కాయితం లేకపోతే నేను లేనూ? నన్ను చూపించండి."

"నిన్ను అక్కడికి తీసుకెళ్ళి చూపించాలంటే నీకు కాయితం కావాలమ్మా."

"అయితే ముందు నాకు చేయించండి" అంది ఆవిడ. బస్సులో తిరిగొచ్చేటప్పుడు పెనుగంచిప్రోలు దారి చీలే చోట కిటికీలోంచి అటు తిరిగి దణ్ణం పెట్టుకుంది. తిరుపతమ్మ తల్లికి ఏం మొక్కుకుందో నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

ఇక పాసుపోర్టు పని. అంతకుముందు ఆవిడ జన్మలో ఫోటో తీయించుకోలేదు. నందిగామలో స్టూడియో వాడు నల్లగుడ్డ కింద దూరి, "కాస్త నవ్వమ్మా" అన్నాడు. "ఎవరొచ్చారని?" అంది. ఆ ఫోటోలో ఆవిడ పెద్ద కొప్పుతో, రూపాయంత బొట్టుతో, పోట్లాటకి వచ్చినదానిలా పడింది. దరఖాస్తు నేను నింపాను. విచారణకి పోలీసు హెడ్డు వచ్చి అరుగెక్కాడు. "ఈవిడ నడవడి ఎటువంటిది" అని ఎదురింటాయన్ని అడిగాడు. మాకు ఇల్లివ్వొద్దని వచ్చిన పెద్దల్లో ఆయనొకడు. ఆయన ఆవిడ వైపు చూసి, "అన్న మాట తప్పదండి. అదే ఆవిడతో చిక్కు" అన్నాడు. హెడ్డు తుమ్ముకుంటూ రాసుకుని వెళ్ళాడు.

ఎండలు ముదిరాయి. టీకాలు వేయించుకుంది. కరణంగారి దగ్గర తన భర్త పుట్టింది ఇక్కడేనని రాయించుకుంది. పాసుపోర్టు మాత్రం రాలేదు. రోజూ పోస్టుమాను సైకిలు వినపడితే అరుగు మీద చేతులు ఆగేవి, సైకిలు వెళ్ళిపోతే మళ్ళీ కదిలేవి. చివరికి ఏప్రిల్లో, మద్రాసులో సావుకారి మనిషి సిలోన్ వీసా ముద్ర కూడా వేయించి రిజిస్టరు పోస్టులో పంపాడు. ఆవిడ ఆ చిన్న పుస్తకాన్ని దేవుడి దగ్గర పెట్టి పసుపూ కుంకుమా పెట్టింది. నేను అట్ట మీద పసుపు తుడిచి, లోపల పేజీలన్నీ ఒకటికి రెండుసార్లు చూసి, అంతా సరిగ్గా ఉందని చెప్పాను. మా ఆవిడ పాయసం చేసింది. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఇంట్లో లేదు. మధ్యాహ్నం బస్సు దిగి వస్తోంది. నేను ముందు పోల్చుకోలేదు. నున్నటి గుండు, దాని మీద పచ్చగా గంధం, కింద అదే రూపాయంత బొట్టు.

"పిన్నిగారూ!" అన్నాను.

"తలనీలాలు ఇచ్చొచ్చా మాస్టారూ. పాసుపోర్టు వస్తే ఇస్తానని మొక్కుకున్నా. వచ్చిందిగా."

మా ఆవిడ ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తరవాత నా ముఖం చూసింది. ఫోటోలో కొప్పుంది. బయట గుండుంది. సరిహద్దు దగ్గర చూసేది ఆ ఫోటోనే కదా. ఆ మాట చెప్తే ఆవిడ గుండు తడుముకుంది. ఈ సంగతి తట్టలేదని ఆవిడ ముఖంలోనే తెలిసింది.

జగ్గయ్యపేట నుంచి ఆవిడ తమ్ముడొచ్చి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "పుణ్యస్త్రీవి, మూడు కత్తెర్లు ఇస్తే సరిపోయేదిగా అక్కా! అందరూ అంతేగా ఇచ్చేది!"

"తల్లితో తలనీలాలన్నా. కత్తెర్లనలేదు."

"పోనీ బావని తీసుకొచ్చాక ఇవ్వొచ్చుగా!"

"మొక్కింది బావ కోసం కాదురా, పాసుపోర్టు కోసం. అన్న మాట ఊళ్ళో వదిలేసి సముద్రం దాటమంటావా?"

అతనికి కోపమొచ్చింది. గుండు చేయించుకున్న మనిషితో శుభమా అని బయల్దేరటం తనవల్ల కాదన్నాడు. తోడు వస్తానన్నవాడు కాస్తా వెళ్ళిపోయాడు. కొత్త ఫోటోతో మళ్ళీ రాసుకుందామంటే నెలలు పడుతుంది, అవతల ఎండాకాలం దాటిపోతుంది. నేను తల పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది. "సెలవులేగా. ఇంగ్లీషు వచ్చనేగా మీకు జీతమిస్తోంది. వెళ్ళండి" అంది. ఇల్లు దొరక్క తిరిగిన రోజులు మా ఆవిడ నాకంటే బాగా గుర్తుపెట్టుకుంది.

మద్రాసు నుంచి ధనుష్కోటి దాకా రైల్లో నేను ఆఫీసరుతో ఏమేం చెప్పాలో ఇంగ్లీషులో వల్లించుకుంటూనే ఉన్నాను. మతాచారం, రాజ్యాంగం, మానవత్వం, అన్నీ పెట్టాను. ఆవిడ ఎదురుగా కూర్చుని నిశ్చింతగా నిద్రపోయింది. మధ్యలో మెలకువ వచ్చినప్పుడల్లా ముంజెయ్యి లేచేది, జుట్టు లేదని తెలిసి దిగేది.

ధనుష్కోటి రేవు ఇప్పుడు లేదు. ఆ తరవాత కొన్నేళ్ళకి సముద్రం దాన్ని తీసుకుపోయింది. అప్పట్లో రైలు సముద్రపొడ్డుకి వెళ్ళి ఆగేది, ఎదురుగా స్టీమరుండేది, మధ్యలో ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులోనే కాయితాలు చూస్తారు. ఇసుకా, ఎండా, గాలీ. బారులో మా వంతు వచ్చింది. ఆఫీసరు నడివయసు అరవాయన. పాసుపోర్టు తెరిచాడు, ఆవిడ వైపు చూశాడు, మళ్ళీ పాసుపోర్టు చూశాడు. నేను గొంతు సవరించుకుని ఇంగ్లీషు ఎత్తుకున్నాను. మతాచారం దాకా కూడా రానివ్వకుండా చేత్తో ఆపి, ఆవిడతోనే తెలుగులో మాట్లాడాడు. వాళ్ళది మదురై, ఇంట్లో తెలుగేనట.

"ఏమమ్మా, ఈ పటంలో ఉండేది ఎవరు?"

"నేనేనండి."

"ఈమెకి ఇంత కొప్పుందే?"

"అమ్మవారికి ఇచ్చానండి."

"మొక్కా? నేనూ పళనిలో ఇచ్చినవాణ్ణే. అయితే మొక్కు తీర్చి పటం తీసుకోవాల కానీ, పటం తీసుకుని మొక్కు తీర్చితే ఎట్లా?"

"పాసుపోర్టు రావాలనేగా మొక్కింది. రాకముందే ఎట్లా తీరుస్తానండి?"

ఆయన నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. ఆ రోజుల్లో పాసుపోర్టులో మనిషి ఆనవాళ్ళు కలంతో రాసి ఉండేవి. ఆయన వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాడు.

"ఎత్తు, సరే. కళ్ళు, సరే. ఇక్కడ చూడు. జుట్టు, నలుపు అని ఉంది. ఏదీ నలుపు?"

"మొలిస్తే నల్లగానే మొలుస్తుందండి" అంది ఆవిడ.

వెటకారం కాదది. ఆయనకి అనుమానమేమోనని తీర్చింది, అంతే. ఆఫీసరు కలం బల్ల మీద పెట్టేశాడు. ముందు భుజాలు కదిలాయి, తరవాత పొట్ట కదిలింది, ఆఖరికి కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. పక్క బల్ల ఆయన్ని పిలిచి అరవంలో చెప్పాడు. ఆయనా నవ్వాడు. బారులో మా వెనక ఉన్నవాళ్ళకి విషయం తెలియకపోయినా నవ్వారు. నవ్వనిది ఆవిడా నేనూ.

తరవాత ఆయన ముఖం మామూలైంది. ఎవరి కోసం వెళ్తున్నావని అడిగాడు. ఆవిడ చెప్పింది. భర్త, ఆస్పత్రి, పోలీసులు పెట్టిన గడువు, రుజువు కావాలన్న ఆఫీసు. ఆయన అంతా విని, ఆవిడ చుబుకం కేసి వంగి చూశాడు.

"పుట్టుమచ్చ ఉంది. నయం, ఇది కూడా అమ్మవారికి ఇవ్వలేదు."

పాసుపోర్టు వెనక పేజీలో నాలుగు వరుసలు రాసి సంతకం చేసి ముద్ర కొట్టాడు. మొక్కుబడి వల్ల తల గొరిగి ఉన్నదనీ, మనిషి ఈమేనని తాను తేల్చుకున్నాననీ. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ పుస్తకం ఇస్తూ ఆయన నాతో మెల్లగా అన్నాడు. "నేను పంపుతున్నా. అవతల తలైమన్నారులో సిలోన్ వాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఇదే స్టీమరులో వెనక్కి తోలేస్తారు."

ఆవిడకి వినపడింది. "వెళ్ళొస్తా మాస్టారూ. ఇద్దరం వస్తాం" అని చెప్పి తన సంచీ తనే పట్టుకుని మెట్లెక్కింది. ఆవిడ నోట వచ్చిన మాటల్లో, నెరవేర్చటం ఆవిడ చేతుల్లో లేనిది నాకు తెలిసి అదొక్కటే. నాకు దుఃఖం వచ్చింది. ఇసుకలో నిలబడి మా ప్రార్థన నేను చేసుకున్నాను.

మర్నాడు స్టీమరు తిరిగి వచ్చేవేళకి రేవులో ఉన్నాను. దిగేవాళ్ళ తలలే చూస్తున్నాను. తలపాగాలు, టోపీలు, కొప్పులు. గుండు కనపడినప్పుడల్లా నా గుండె ఆగేది. అందరూ దిగారు, కూలీలు సామాను దించారు, మెట్లు ఖాళీ అయ్యాయి. ఆవిడ రాలేదు. ఒక మనిషి రాలేదని అంత సంతోషించటం నా జీవితంలో అదొక్కసారే. పోయి టీ తాగాను.

తరవాత రోజులన్నీ రామేశ్వరంలో ఒక సత్రంలో గడిపాను. సత్రం వాడు పేరడగలేదు, నేను చెప్పలేదు. స్టీమరొచ్చే రోజల్లా ధనుష్కోటి రైలెక్కేవాణ్ణి. ఇప్పుడు మళ్ళీ ఆవిడ రావాలి, కానీ ఒక్కతే రాకూడదు. ఒక్కతే వస్తే ఏం చెప్పాలో ఇంగ్లీషులోనే కాదు, తెలుగులో కూడా నాకు తట్టలేదు. స్కూలు తెరిచే రోజు దగ్గరపడింది. అప్పుడొచ్చారు.

మెట్ల మీద ముందు ఆవిడ కనపడింది. ఆవిడ భుజం మీద చెయ్యి వేసుకుని, కర్ర పట్టుకుని, పొడుగ్గా, సన్నగా, నెత్తి నిండా ఒత్తైన జుట్టుతో ఒక మనిషి. నేను ఆయన్ని అంతకుముందెప్పుడూ చూడలేదు. అయినా పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. ఆయన బెదిరిపోయి, "ఎవరితను?" అని ఆవిణ్ణి అడిగాడు.

షెడ్డులో ఆ మదురై ఆఫీసరే ఉన్నాడు. ముందు ఆవిడ భర్త కాయితం చూశాడు. పాసుపోర్టు కాదది. కొలంబోలో మనవాళ్ళు ఇచ్చిన ఒంటి కాయితం. "ఇది ఒక్కసారికే. రావటానికే కానీ మళ్ళీ పోవటానికి పనికిరాదు" అన్నాడు. "ఆ ఒక్క దారే చాలండి" అంది ఆవిడ. తరవాత ఆవిడ తల కేసి చూశాడు. వేలి మందాన జుట్టు మొలిచింది.

"నల్లగా మొలుస్తుంది అంటివే? తెలుపు కూడా ఉందే?"

"అవి అవతల మొలిచినయ్యండి" అంది. ఆయన ఈసారి నవ్వలేదు. లేచి నిలబడి పాసుపోర్టు చేతికిచ్చాడు.

రైల్లో ఆవిడ భర్త జరిగిందంతా చెప్పుకొచ్చాడు. మెత్తని మనిషి, మాటకి ముందు నవ్వే మనిషి. ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన తన భార్య గుండుతో కూర్చుని ఉందట.

"నేను పోయాననుకున్నా మాస్టారూ. పోయినట్టు నాకే తెలియలేదు, వీళ్ళు మాత్రం కబురందుకుని గుండు కూడా చేయించేశారనుకున్నా."

"పోయినవాడి కోసం పాసుపోర్టు ఎవరు చేయించుకుంటారండి?" అంది ఆవిడ, నారింజ వలుస్తూ.

రుజువు సంగతి అడిగాను. మన దేశం ఆఫీసులో ఇద్దర్నీ వేరువేరుగా ప్రశ్నలు వేశారట. ఇల్లు ఎట్లా ఉంటుందంటే ఈయన తాటాకు ఇల్లన్నాడు, ఆవిడ పెంకుటిల్లంది. నుయ్యి ఎక్కడంటే ఈయన నుయ్యి లేదన్నాడు, ఆవిడ దొడ్లో ఉందంది. ఆఫీసరుకి అనుమానం ముదిరి ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగాడు. అప్పుడు ఆవిడ అందుకుంది. "ఇల్లు కట్టానని ఉత్తరం రాయించలా? నుయ్యి తవ్వించానని రాయించలా? చదివారా, చదివి పొట్లాలు కట్టారా?" అని మొదలుపెట్టి, అన్నేళ్ళ ఇంటి సంగతులన్నీ ఏకరువు పెట్టిందట. ఆఫీసరు ఉత్తరాదివాడు, తెలుగు ముక్క రాదు. కాసేపు విని, ఇక చాలు అన్నట్టు చెయ్యెత్తి, ముద్ర కోసం సొరుగు తెరిచాడట. మొగుడు కానివాణ్ణి ఎవరూ అట్లా తిట్టరని ఆయనకి ఏ భాషలో తెలిసిందో మరి.

నేను నవ్వుతున్నాను. ఆవిడ మాత్రం నారింజ తొన ఆయనకి అందిస్తూ ఆయన జుట్టు కేసే చూస్తోంది. ఆయన తల తడుముకున్నాడు.

"ఏంటట్లా చూస్తావు?"

"స్టీమరెక్కేటప్పుడు ఇంకోటి మొక్కుకున్నా. మిమ్మల్ని ఇంటికి చేరిస్తే తలనీలాలని. నా దగ్గర జుట్టు లేదుగా. మీది మొక్కా."

ఆయన నోట్లో నారింజ తొన అట్లాగే ఉండిపోయింది.

బెజవాడలో బస్సెక్కి, కీసర దాటాక గాలి మారింది. ఆయన కిటికీలోంచి తల బయట పెట్టి ఏడుస్తూనే ఉన్నాడు. ఆవిడ వద్దనలేదు. నందిగామలో బస్సు దిగగానే ఎదురింటాయన ఎదురొచ్చి ఆయన సంచీ అందుకున్నాడు. మా ఆవిడ అరుగు కడిగి ముగ్గేసి ఉంచింది. పెంకుటిల్లు చూసి ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు, లోపల నుంచి ఘాటొచ్చి గట్టిగా తుమ్మాడు. అందరం నవ్వాం. ఆ నవ్వులో అన్ని నెలల భయమూ కొట్టుకుపోయింది.

ఆయన కర్ర వదిలి నడవగలిగే దాకా ఆగి, ఒక ఆదివారం పెనుగంచిప్రోలు బయల్దేరారు. చర్చి అయ్యాక మమ్మల్నీ రమ్మంది. నేనూ మా ఆవిడా మునేటి ఒడ్డున చెట్టు కింద కూర్చుని ఉంటే, వాళ్ళిద్దరూ గుడి దగ్గర నుంచి నడిచి వచ్చారు. ఆయన తల నున్నగా మెరుస్తోంది. ఆవిడ తల ఇంకా సగం మొలిచీ మొలవక ఉంది. ఆయన కొత్త గుండు మీద చెయ్యి తీయలేకపోతున్నాడు.

సాయంత్రం బస్సులో జనం కిటకిటలాడుతున్నారు. వాళ్ళు ముందు సీట్లో, మేం వెనక. కండక్టరు ఆ దారిలో పాతవాడు, ఆవిణ్ణి ఏళ్ళ తరబడి ఎరిగినవాడు. నేను మా ఇద్దరి టిక్కెట్లూ తీసుకున్నాను. కండక్టరు ముందుకు వెళ్ళి, ఆవిణ్ణి చూసి, అడక్కుండానే అలవాటుగా ఒక నందిగామ టిక్కెట్టు చింపి చేతిలో పెట్టి ముందుకు కదిలాడు.

ఆవిడ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"ఒకటిచ్చి పోతావేంటయ్యా?" అంది, డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా. "ఇద్దరం!"